కరివేప, వేప ఒక ఇంటివి కావు: విలియం రాక్స్‌బర్గ్ జీవితం



మన వంటింట్లో పోపు వేసే ప్రతిసారీ ఒక మిషన్ వైద్యుడి పేరు మన చేతిలో ఉంటుంది. కరివేపాకుకు శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరులో రెండో మాట ‘కోనిగి’. అది యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే మనిషి పేరు. స్వీడన్‌లో చెట్లకూ జంతువులకూ రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన కార్ల్ లిన్నేయస్‌కు ఈయన శిష్యుడు. లిన్నేయస్ ఒక లూథరన్ పాదిరి కొడుకు. కోనిగ్ 1768లో తరంగంబాడిలోని మిషన్‌కు వైద్యుడిగా వచ్చి, రోగులను చూస్తూనే మొక్కలను ఏరాడు. ఆ తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, చివరికి ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి పరిశీలకుడిగా పనిచేసి, 1785లో మన కాకినాడలోని జగన్నాథపురంలో కన్నుమూశాడు.

ఆయన అంత్యదినాల్లో మంచం పక్కన ఉండి వైద్యం చేసినవాడు ఆ దగ్గరే సామర్లకోటలో ఉంటున్న కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. ఈ వారం ఈయన గురించే చెప్పుకుందాం. భారతీయ వృక్షశాస్త్రానికి తండ్రి అని లోకం పిలిచే ఈ మనిషి ఆ శాస్త్రాన్ని ఎక్కువగా మన తెలుగు నేల మీదే నేర్చుకున్నాడు. ఆయన పెట్టిన పేర్లు ఈనాటికీ ఆళ్లగడ్డ దాటి అహోబిలం వైపు కమ్ముకున్న నల్లమల చెట్ల మీద ఉన్నాయి. ఆ పేర్లలో కొన్ని నిలిచాయి, కొన్ని మారాయి. అవి ఎందుకు మారాయో తెలుసుకుంటే, ప్రాణుల బంధుత్వాన్ని శాస్త్రజ్ఞులు ఎలా కనిపెడతారో కూడా తెలుస్తుంది.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండులో పుట్టాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివాడు. ఆ రోజుల్లో మందంటే మొక్కే. అందుకే వైద్య విద్యార్థికి వృక్షశాస్త్రం తప్పనిసరి పాఠం. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుడు లిన్నేయస్ పద్ధతిని నేర్పేవాడు. రాక్స్‌బర్గ్ ఓడల్లో వైద్యుడికి సహాయకుడిగా తిరిగి, 1776లో మద్రాసులో కంపెనీ వైద్య సేవలో చేరాడు. 1781లో సామర్లకోటకు వచ్చాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు.

సామర్లకోటలో ఆయన ఒక తోట వేశాడు. మిరియం, కాఫీ, నీలిమందు, పట్టుపురుగులకు మల్బరీ, ఇలా ఎన్నో పండించి చూశాడు. ఇది ఉత్త జ్ఞానదాహం కాదని మనం నిజాయితీగా చెప్పుకోవాలి. కంపెనీకి లాభం కావాలి, ఆ లాభం కోసమే తోట. రాక్స్‌బర్గ్ కంపెనీ ఉద్యోగి, కంపెనీ ఉప్పు తిన్నవాడు. అయినా ఆయన కళ్లు లాభం దగ్గరే ఆగిపోలేదు. ఊళ్లో ఏ చెట్టును ఏమంటారు, దాని బెరడు దేనికి వాడతారు, కలప ఎలా ఉంటుంది అని అడిగి రాసుకునేవాడు. తన పుస్తకాల్లో లాటిన్ పేరుతో పాటు తెలుగు పేరు కూడా అచ్చువేయించాడు. ఇంగ్లీషు అక్షరాల్లో కొంచెం వంకరపోయినా, మన పల్లె మాటలు ఆ పుటల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

1787 మే నెలలో కోరంగి తీరాన్ని పెను తుఫాను ముంచెత్తింది. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. వేలాదిమంది చనిపోయారు. రాక్స్‌బర్గ్ ప్రాణాలతో బయటపడ్డాడు గాని, ఏళ్ల తరబడి కూర్చుకున్న పుస్తకాలు, కాగితాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు నీళ్లపాలయ్యాయి. ముప్పై ఆరేళ్ల మనిషి, ఊరుగాని ఊరు, చేతిలో ఏమీ మిగల్లేదు. ఆయన మళ్లీ మొదటి మొక్కనుంచి మొదలుపెట్టాడు.

తుఫాను గాయం మానకముందే ఉత్తర సర్కారు జిల్లాల్లో వానలు తప్పాయి. 1789 నుంచి కొన్నేళ్లపాటు భయంకరమైన కరువు. రాక్స్‌బర్గ్ అప్పటికే వాన, గాలి, ఎండ కొలతలు రోజూ రాసుకునే అలవాటున్నవాడు. కరువును కళ్లారా చూసిన తర్వాత ఆయన ఒక్క వరినే నమ్ముకుంటే ప్రజలు బతకరని పైవారికి రాశాడు. గట్ల మీద, కాలువల పక్కన, దారుల వెంట కొబ్బరి, పనస, సీమపనస వంటి తిండి చెట్లు నాటాలని సూచించాడు. వానకు వరి ఎండినా చెట్టు కాస్త కూడు పెడుతుందని ఆయన ఆశ. మొక్కల్ని లెక్కపెట్టే మనిషి ఆకలిగొన్నవాళ్లను కూడా చూడగలిగాడు. ఇది మనం గుర్తుపెట్టుకోదగ్గ సంగతి.

ఇక ఆయన అసలు పనికి వద్దాం. లిన్నేయస్ పద్ధతి చాలా తేలిక. పువ్వు విప్పి కేసరాలు ఎన్నో లెక్కపెట్టాలి, అండకోశం కొమ్మలు ఎన్నో చూడాలి. ఆ లెక్కను బట్టి మొక్క ఏ తరగతికి, ఏ వరుసకు చెందుతుందో తేలిపోతుంది. మొత్తం 24 తరగతులు. కొత్త దేశంలో కొత్త చెట్టు కనబడినప్పుడు దాన్ని ఏ అరలో పెట్టాలో తెలియక తికమకపడే వైద్యుడికి ఇది గొప్ప వరం. గ్రంథాలయంలో పుస్తకాలకు అంకె వేసినట్టు మొక్కలకు అంకె వేయొచ్చు.

రాజమండ్రి ప్రాంతపు కొండల్లో రాక్స్‌బర్గ్‌కు ఒక పెద్ద కలప చెట్టు కనిపించింది. అక్కడివాళ్లు దాన్ని సోమిద అన్నారు. దాని చేదు బెరడును జ్వరాలకు వాడొచ్చని ఆయన గ్రహించాడు. అప్పట్లో చలిజ్వరానికి మందు దక్షిణ అమెరికానుంచి వచ్చే సింకోనా బెరడు ఒక్కటే. అది ఖరీదైనది, దొరకడం కష్టం. సోమిద బెరడు దానికి బదులు పనికొస్తుందేమోనని ఆయన ఆశపడ్డాడు. పువ్వు విప్పి చూస్తే పది కేసరాలు, అండకోశపు కాడ ఒకటి. అమెరికా మహాగనీ చెట్టుకూ అంతే. అందుకని దాన్ని మహాగనీ జాతిలో చేర్చి, జ్వరాన్ని తరిమేది అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1794లో ఎడిన్‌బరోలో ఒక వైద్య విద్యార్థి ఈ బెరడు మీదే పట్టా వ్యాసం రాశాడు. ఆ వ్యాసం పేరులోనే మన సోమిద ఉంది.

మరొక చెట్టు బిల్లుడు. నల్లమలలోనూ రాయలసీమ కొండల్లోనూ బండలమీద, ఎండు నేలల్లో పెరిగే చెట్టు. కలప గట్టిగా, పసుపు వన్నెతో, పట్టులా మెరుస్తుంది. దాని పువ్వులోనూ కేసరాలు పదే. కాబట్టి రాక్స్‌బర్గ్ దాన్నీ మహాగనీ జాతిలోనే పెట్టాడు. అంటే ఆయన లెక్క ప్రకారం సోమిద, బిల్లుడు అన్నదమ్ములు.

ఆ లెక్క నిలవలేదు. 1824లో స్విస్ శాస్త్రజ్ఞుడు డికాండోల్ బిల్లుడును మహాగనీ జాతినుంచి విడదీసి వేరే జాతిగా నిలిపాడు. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అడ్రియన్ ద జుస్యూ సోమిదను కూడా విడదీశాడు. దానికి పెట్టిన కొత్త జాతి పేరు ‘సోయ్‌మిడా’. మన తెలుగు మాటే లోకమంతటా ఆ జాతి పేరయింది. వీళ్లు కేసరాల సంఖ్యతో ఆగలేదు. కేసరాలు ఒకదానితో ఒకటి అతుక్కుని గొట్టంలా ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా? ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే నూనె చుక్కలు కనిపిస్తాయా? కాయ ఎలా పగులుతుంది? గింజకు రెక్క ఉందా? ఇలా ఒక్క లక్షణం కాదు, మొక్క మొత్తాన్నీ చూసి బంధుత్వం తేల్చాలన్నారు.

అలా చూసినప్పుడు సోమిద మహాగనీకీ వేపకూ చుట్టమే. అది వేప కుటుంబంలోనే ఉంది. కాని బిల్లుడు ఆకులో నూనె చుక్కలున్నాయి, నలిపితే వాసన వస్తుంది, కేసరాలు విడివిడిగా ఉన్నాయి. అది నిమ్మ, నారింజ, వెలగ, మారేడు ఉన్న కుటుంబంలోకి వెళ్లింది. మరి ఆ కుటుంబంలో ఇంకెవరున్నారు? మన కరివేప! పేరులో వేప ఉన్నా కరివేప వేపకు సొంత ఇల్లు కాదు. ఆకు వరుస చూసి మన పెద్దలు దానికి వేప పేరు కలిపారు. కాని వాసన దాని ఇంటిపేరు చెప్పేసింది, అది నిమ్మ వారింటిది.

మన ఊళ్లలో ఈ సంగతి అందరికీ తెలుసు. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లందరూ రక్తసంబంధులు కారు. వేరే ఇంటిపేరు ఉన్న మేనమామ రక్తసంబంధే. పేరు చూసి కాదు, ఏ తాతకు ఎవరు పుట్టారో అడిగి చుట్టరికం కలుపుతాం. 1859లో చార్లెస్ డార్విన్ తన గ్రంథం ప్రచురించిన తర్వాత జీవశాస్త్రజ్ఞులు ప్రాణుల వర్గీకరణను ఇదే కంటితో చూడసాగారు. పోలిక ఉన్నది కాబట్టి ఒక గుంపు అని ఊరుకోకుండా, ఒకే పూర్వికుడినుంచి వచ్చాయా అని అడుగుతారు. గుంపుల జాబితా వంశవృక్షంగా మారింది.

ఆ వంశవృక్షాన్ని ఎలా గీస్తారు? బైబిలు కళాశాలలో చదివిన సేవకులకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. అచ్చుయంత్రం రాకముందు లేఖనాలను చేత్తో రాసి నకలు తీసేవారు. ఎంత జాగ్రత్తగా రాసినా అక్కడక్కడ ఒక అక్షరం జారేది, ఒక మాట రెండుసార్లు పడేది. ఆ నకలును చూసి మరొకరు రాస్తే అదే పొరపాటు అందులోకీ వచ్చేది. వేరువేరు దేశాల్లో దొరికిన రెండు రాతప్రతుల్లో ఒకే చోట ఒకే అరుదైన పొరపాటు ఉంటే, ఆ రెండూ ఒకే మూలప్రతినుంచి వచ్చాయని పండితులు గ్రహిస్తారు. మొక్కల కణాల్లో ఉండే జన్యువులు కూడా తరతరాలుగా నకలయ్యే రాతప్రతులే. వాటిలో అప్పుడప్పుడు ఒక అక్షరం మారుతుంది, ఆ మార్పు సంతతికి దిగుతుంది. రెండు చెట్లు పంచుకున్న మార్పులను లెక్కించి, ఏ రెండు ముందు విడిపోయాయో, ఏవి ఆలస్యంగా విడిపోయాయో తేలుస్తారు. 1998లో పలు దేశాల వృక్షశాస్త్రజ్ఞులు కలిసి, ఈ జన్యు సాక్ష్యం ఆధారంగా పూల మొక్కల కుటుంబాలను కొత్తగా అమర్చారు.

ఆ అమరికలోనూ సోమిద వేపతోనే, బిల్లుడు నిమ్మతోనే ఉన్నాయి. అయితే మరో మాట కూడా తేలింది. వేప కుటుంబం, నిమ్మ కుటుంబం ఒకే పెద్ద వంశానికి చెందిన దగ్గరి శాఖలు. మామిడి, కుంకుడు కూడా ఆ వంశంలోవే. అంటే రాక్స్‌బర్గ్ అన్నదమ్ములనుకున్నవి అన్నదమ్ములు కావు గాని, దాయాదులు అవును. ఆయన పూర్తిగా దారితప్పలేదు. ఆయన చేతిలో ఉన్న కొలత చిన్నది, అంతే.

మద్ది చెట్ల సంగతి కూడా చూడండి. నల్లమద్ది, తెల్లమద్ది అని మనవాళ్లు ఒకే పేరుతో పిలుస్తారు. రాక్స్‌బర్గ్ వాటి కాయలకున్న ఐదు రెక్కలు చూసి వాటికి వేరే జాతి ఏర్పరచాడు. తర్వాతివాళ్లు ఆ జాతిని తీసేసి, మద్దులను తాని, కరక చెట్లున్న జాతిలోనే కలిపేశారు. మద్దులు రెండూ ఒకటేనన్న పల్లెవాళ్ల మాట నిలిచింది. కాయకు రెక్కలున్నంత మాత్రాన వేరే జాతి అన్న పండితుడి మాట నిలవలేదు. అడవిలో చెట్టును రోజూ చూసే చెంచు పెద్దకూ, పట్టణంలో సూక్ష్మదర్శినితో చూసే ఆచార్యుడికీ ఒకరి మాట ఒకరికి అవసరం.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధికారిగా వెళ్లాడు. విలియం కేరీ బెంగాలులో ఓడ దిగినది కూడా అదే 1793లో. చెప్పులు కుట్టి బతికిన కేరీకి చిన్ననాటినుంచి మొక్కలంటే ప్రాణం. వీళ్లిద్దరూ స్నేహితులయ్యారు. విత్తనాలు, దుంపలు ఒకరికొకరు పంపుకునేవారు. రాక్స్‌బర్గ్ ఒక చెట్టు జాతికి కేరీ పేరు పెట్టాడు. మనం కుంభి అని పిలిచే చెట్టు ఆ జాతిదే, మన తూర్పు కనుమల అడవుల్లోనూ పెరుగుతుంది. రాక్స్‌బర్గ్ వెళ్లేనాటికి ఉద్యానంలో 300 పైచిలుకు రకాలే ఉండేవి. ఆయన వదిలి వచ్చేనాటికి సుమారు 3,500 రకాలయ్యాయి. ఆ జాబితాను 1814లో కేరీయే శ్రీరాంపురం మిషన్ ముద్రణాలయంలో అచ్చువేయించాడు.

కేరీకి కూడా రాక్స్‌బర్గ్‌కు వచ్చినట్టే ఒక రాత్రి వచ్చింది. 1812 మార్చిలో శ్రీరాంపురం ముద్రణాలయం కాలిపోయింది. అనువాదాలు, నిఘంటువులు, అచ్చు అక్షరాలు బూడిదయ్యాయి. ఆయన రాసిన తెలుగు వ్యాకరణపు రాతప్రతి కూడా అందులో పోయింది. ఒకరికి నీళ్లు, ఒకరికి నిప్పు. కేరీ మళ్లీ కూర్చుని రాశాడు. 1814లో ఆ తెలుగు వ్యాకరణం వెలువడింది. 1818లో శ్రీరాంపురంనుంచి తెలుగు కొత్త నిబంధన వచ్చింది.

రాక్స్‌బర్గ్ ఆరోగ్యం చెడి 1813లో భారతదేశం విడిచాడు. 1815లో ఎడిన్‌బరోలో చనిపోయాడు. ఆయన జీవితకాలపు పని అయిన భారతీయ వృక్షజాల గ్రంథం అప్పటికి అచ్చుకాలేదు. ఆ రాతప్రతి స్నేహితుడు కేరీ చేతిలో ఉండిపోయింది. 1820లోనూ 1824లోనూ కేరీ, డాక్టర్ వాలిక్‌తో కలిసి రెండు సంపుటాలు తెచ్చాడు. చివరికి 1832లో గ్రంథమంతా మూడు సంపుటాలుగా ప్రచురించాడు. అప్పటికి కేరీకి డెబ్బై దాటాయి. మరో రెండేళ్లకే ఆయనా వెళ్లిపోయాడు. పోయిన స్నేహితుడి మాట నిలబెట్టడానికి ఒక వృద్ధ మిషనరీ తన చివరి శక్తిని వెచ్చించాడు.

ఇక్కడ ఒక లోటు కూడా చెప్పుకోవాలి. రాక్స్‌బర్గ్ కోసం మన దేశపు చిత్రకారులు 2,500కు పైగా మొక్కల బొమ్మలు గీశారు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన తెచ్చిన గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. లండనులోని క్యూ ఉద్యానంలో ఆ బొమ్మలు ఇప్పటికీ పదిలంగా ఉన్నాయి. కాని ఆ గీసిన చేతుల పేర్లు మనకు దక్కలేదు. కొండ ఎక్కి కొమ్మ విరిచి తెచ్చినవాడి పేరు, ఇది సోమిద దొరా అని మొదట చెప్పినవాడి పేరు ఎక్కడా లేవు. ప్రతి మొక్కకూ పేరు పెట్టడానికి అంత శ్రమపడిన ఆ పనిలో, పక్కనున్న మనుషుల పేర్లు రాయడం మరిచారు. పేరెరిగి పిలిచే కాపరిని నమ్మే మనం ఈ లోటును తేలిగ్గా తీసుకోకూడదు.

చివరిగా మన యువతకు సంబంధించిన ఒక మాట. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఇంటర్మీడియట్ బైపీసీ చదివే బిడ్డ వారమంతా ప్రాణుల వంశవృక్షం చదివి, ఆదివారం మన గుడికి వస్తుంది. సృష్టిని నమ్మే ఇంట్లో ఈ పాఠం తప్పా అని అడుగుతుంది. కేరీ డార్విన్‌కు ముందటివాడు. ఆ ప్రశ్నకు ఆయన జవాబు చెప్పాడని మనం అనలేం. అయితే ఆయన జీవితం ఒక మార్గం చూపిస్తుంది. ఒక చేత్తో లేఖనాన్ని, మరో చేత్తో ఆకును పట్టుకుని, రెండింటినీ అంతే శ్రద్ధగా చదివాడు. ఆదాము ప్రాణులకు పేర్లు పెట్టిన సంగతీ, సొలొమోను దేవదారు మొదలు గోడమీది హిస్సోపు వరకు చెట్లను గూర్చి మాట్లాడిన సంగతీ మన గ్రంథంలోనే ఉన్నాయి. సృష్టికర్తను నమ్మేవాడు సృష్టిని దగ్గరగా చూడడానికి భయపడనక్కరలేదు. సాక్ష్యం పెరిగితే పాత లెక్క దిద్దుకోవడం శాస్త్రానికి అవమానం కాదు, అదే దాని నిజాయితీ. ఆ బిడ్డను పుస్తకం మూసెయ్యమనకండి. నీవు చదివింది మాకూ చెప్పమని అడగండి.

పేరు తెలియడం ఉత్త పాండిత్యం కాదు. నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో నీలిరంగులో మెరిసే ఒక పెద్ద సాలీడు ఉంది. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు దానికి పేరు పెట్టినప్పుడు, అది గుత్తిలో దొరికిందని రాశారు. నిజానికి అది రైల్లో కలపతో అక్కడికి చేరి ఉంటుందని తర్వాతివాళ్ల ఊహ. దాని అసలు ఇల్లు మన నల్లమలే అని వందేళ్ల తర్వాతగాని తెలియలేదు. ఇప్పుడది అంతరించే ప్రమాదం అంచున ఉంది. ఫలానాది ఫలానా చోట ఉందని తెలిస్తేనే దాన్ని కాపాడగలం. తెలియనిదాన్ని పోగొట్టుకున్నామని కూడా మనకు తెలియదు.

ఈ వారం మీ సంఘంలో పిల్లలను వెంటబెట్టుకుని గుడి ఆవరణలోని చెట్లను చూపించండి. ఒక్కొక్కదాని తెలుగు పేరు పెద్దవాళ్లను అడిగి రాయించండి. వేపాకునూ కరివేపాకునూ పక్కపక్కన పెట్టి, వెలుతురుకు ఎత్తి చూడమనండి. చెప్పిన పెద్దవాళ్ల పేర్లు కూడా ఆ కాగితం మీద రాయించడం మరువకండి.